కాస్ట్రో పేటలో సహపంక్తి



మన తెలుగుదేశమున ఒక మనుష్యుని సంఘమునుండి వెలివేయదలచినప్పుడు పెద్దలు మొట్టమొదట చేసెడి పని వానిని పంక్తినుండి లేపుట. వానియింట నిప్పు నీరు ముట్టరాదని, వానికి విస్తరి వేయరాదని, వాడు వచ్చిన శుభకార్యమునకు తక్కినవారు పోరాదని కట్టడి చేయుదురు. 1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగము పంతులుగారు మొదటి వితంతు వివాహమును జరిపించిన కాలమున వంటవారును నీళ్లు మోయువారును ఆ యిల్లు విడిచిపోగా, వారి సహధర్మచారిణి రాజ్యలక్ష్మమ్మగారు స్వయముగా గోదావరినుండి నీరు తెచ్చి, వచ్చినవారికి వండి వడ్డించిరని మనము చదువుకొన్నాము. సంఘసంస్కరణ చరిత్రలో ఉపన్యాసములకును వ్యాసములకును గల స్థానము పెద్దదే. కాని ఆ తల్లి మోసిన బిందెకును, ఆమె చేసిన వడ్డనకును గల స్థానము అంతకంటె పెద్దదని నా నమ్మకము.

ఈ దృష్టితోనే నేడు మీకు అమెరికా పశ్చిమతీరమున, శాన్ ఫ్రాన్సిస్కో నగరమందలి కాస్ట్రో అను పేటను గూర్చి చెప్పదలచినాను. పురుషులను ప్రేమించు పురుషులును, స్త్రీలను ప్రేమించు స్త్రీలును తమ కొఱకై నిలుపుకొన్న పేట యది. వారు తమ్ముతాము గే యనియు లెస్బియన్ అనియు చెప్పుకొందురు గనుక నేనును ఆ మాటలనే వాడెదను. వారి ఊరేగింపులను, ఇంద్రధనుస్సు రంగుల పతాకములను గూర్చి పత్రికలలో మీరు చదివియే యుందురు. నేను చెప్పబోవునది అంతకంటె చిన్న సంగతి: వారు ఎచ్చట కూర్చుండి కాఫీ త్రాగుదురు, ఎవరితో కలిసి భుజింతురు, వ్యాధిగ్రస్తులై మంచము పట్టినప్పుడు వారికి ఎవరు అన్నము పెట్టిరి అనునది.

నగరమధ్యమునుండి నైరృతి దిక్కుగా సాగివచ్చు మార్కెట్ వీధి, ట్విన్ పీక్స్ అను జంటకొండల నెక్కుటకు ముందు, 17వ వీధితోను కాస్ట్రో వీధితోను కలియుచోట ఈ పేట మొదలగును. పడమటి సముద్రమునుండి వచ్చు పొగమంచును ఆ కొండలు కొంతవఱకు అడ్డగించుటచేత, నగరమున తక్కిన భాగములు చలికి ముడుచుకొనియున్న మధ్యాహ్నములందు గూడ ఇచ్చట ఎండ కాయుచుండును. పూర్వము దీనికి యురేకా వ్యాలీ యని పేరు. ఐరిష్ వారును, స్కాండినేవియా దేశములనుండి వచ్చినవారును, కాయకష్టము చేసికొని బ్రదుకు కాథొలిక్ సంసారులును నివసించిన స్థలము. రెండవ ప్రపంచయుద్ధానంతరము వారి బిడ్డలు శివారులకు తరలిపోవగా, విక్టోరియా రాణి కాలపు మచ్చున కట్టిన కొయ్యయిండ్లు రంగు వెలిసి, చౌకగా అద్దెలకును అమ్మకమునకును వచ్చినవి. ఆ యుద్ధకాలముననే, ఈ రేవునుండి పసిఫిక్ మహాసముద్రము దాటిన సైనికులలో, స్వలింగానురాగులన్న నెపమున సైన్యమునుండి అవమానకరముగ తొలగింపబడినవారు పెక్కండ్రు, స్వగ్రామమునకు ఏ ముఖముతో పోవుదుమని యోచించి ఈ రేవుననే నిలిచిపోయిరి. ఒకరిని చూచి ఒకరు చేరిరి. 1970 ప్రాంతమునకు వారిలో అనేకులు ఈ కొయ్యయిండ్లకు వచ్చి, గోడలు బాగుచేసికొని, కొత్తరంగులు వేసికొని కాపురములు పెట్టిరి.

అంతకుముందు వారు కలిసికొను తావులు లేకపోలేదు. మాంట్గొమరీ వీధిలో బ్లాక్ క్యాట్ అను మద్యశాల యొకటి యుండెడిది. దాని అనుమతిపత్రమును ప్రభుత్వము ఆపివేయగా, యజమానియైన సాల్ స్టౌమెన్ న్యాయస్థానమున కెక్కి, 1951లో కాలిఫోర్నియా సర్వోన్నత న్యాయస్థానమున గెలిచెను. స్వలింగానురాగులు ఒకచోట చేరి తినుటయు త్రాగుటయు తమంతట నేరములు కావని ఆ తీర్పు సారాంశము. ఆకలిగొన్నవాడు పదిమందితో కూర్చుండి తినవచ్చునని ఒక రాష్ట్రపు అత్యున్నత ధర్మాసనము తీర్పు చెప్పవలసివచ్చినదన్నచో, ఆ కాలమెట్టిదో శ్రోతలు ఊహింపవచ్చును. ఆ మద్యశాలలోనే వడ్డన చేయుచు, పాటలు పాడుచు ఉండిన హోసే సారియా 1961లో నగర పర్యవేక్షక మండలి సభ్యత్వమునకు పోటీచేసెను. ఓడిపోయినను, తన స్వభావమును దాచుకొనక అమెరికాలో ప్రజాపదవికి ఎన్నికలలో నిలిచిన మొదటివాడని అతనికి పేరు నిలిచినది.

ఆ తీర్పు వచ్చినంతమాత్రమున పోలీసులు ఊరకుండలేదు. టెండర్లాయిన్ అను పేదల పేటలో, టర్క్ వీధియు టేలర్ వీధియు కలియు మూలను, కాంప్టన్స్ కెఫెటీరియా యను ఫలహారశాల రాత్రియంతయు తెరచియుండెడిది. పురుషులుగా జన్మించియు స్త్రీలుగా జీవించువారు, నేడు మనము ట్రాన్స్‌జెండర్ స్త్రీలని పిలుచువారు, అచ్చటికి వచ్చి ఒక కప్పు కాఫీ ముందుంచుకొని గంటలతరబడి కూర్చుండెడివారు. వారికి మద్యశాలలందును ప్రవేశము కష్టమే, ఉద్యోగమిచ్చువారు లేరు, గదులిచ్చువారు అరుదు. తమ జన్మలింగమునకు చెందని వస్త్రములు ధరించుటను నేరముచేసిన నగరశాసనము ఒకటి 1863 నుండి అమలునందుండెను. 1974లో గాని దానిని రద్దుచేయలేదు. 1966 ఆగస్టు మాసమున ఒక రాత్రి పోలీసు ఒకడు అట్టి ఒకామెను చేయిపట్టి లాగబోగా, ఆమె తన కప్పులోని కాఫీని వాని ముఖముపై చల్లెను. అంతట బల్లలు తలక్రిందులయ్యెను. చక్కెర పాత్రలు గాలిలో లేచెను. అద్దములు భళ్లున పగిలెను. లోకమంతయు చెప్పుకొను న్యూయార్కు స్టోన్‌వాల్ మద్యశాలయందలి తిరుగుబాటు 1969లో జరిగినది. ఇది దానికంటె ముందటిది. ఐనను ఇది చిరకాలము మఱుగుపడియుండి, సుసాన్ స్ట్రైకర్ అను చరిత్రకారిణి పూనికవలన వెలికివచ్చి, 2005లో ఒక వాస్తవచిత్రముగ రూపొందినది. పోరాటములకు ఖడ్గములను, తుపాకులను గుర్తులుగ చెప్పుట మనకు అలవాటు. ఈ పోరాటమునకు గుర్తు ఒక కాఫీ కప్పు. కూర్చుండి త్రాగుటకు తప్ప మఱేమియు కోరనివారి చేతిలో ఆయుధమగుటకు మఱియొక వస్తువు ఉండదుగదా.

ఇక కాస్ట్రోకు మరలుదము. అప్పటి గే మద్యశాలలకు సామాన్యముగ కిటికీలుండెడివి కావు. ఉన్నను వానిపై రంగు పూసియో, దట్టమైన తెర వ్రేలాడదీసియో యుండెడివారు. లోపల నెవరున్నారో వీధికి తెలియరాదు. తెలిసినయెడల మఱునాడు ఉద్యోగము పోవును, ఇంటి యజమాని గది ఖాళీచేయు మనును, తల్లికి జాబు పోవును. ఇట్టి కాలమున, 1972లో, మేరీ ఎలెన్ కున్హా, పెగ్గీ ఫోర్స్టర్ అను ఇద్దరు స్త్రీలు 17వ వీధి, కాస్ట్రో వీధి, మార్కెట్ వీధి కలియు ఆ మూలనే ట్విన్ పీక్స్ టావెర్న్ అను మద్యశాలను కొని, వీధివైపు గోడకు నిలువెత్తు గాజుపలకలు బిగించిరి. పాదచారులకు లోపలివారును, లోపలివారికి పాదచారులును స్పష్టముగ కనబడుచుండిరి. అమెరికాలో ఇట్టి గాజుగోడతో వీధిని చూచిన గే మద్యశాలలలో ఇది మొట్టమొదటివానిలో ఒకటియని చరిత్రకారులందురు. 2013లో నగరము దీనిని చారిత్రక స్థలముగ ప్రకటించినది.

శ్రోతలు ఇచ్చట ఒక్క నిమిషము ఆగి ఆలోచింపవలెనని నా ప్రార్థన. కాలిఫోర్నియాలో సమ్మతితో కూడిన స్వలింగ సంపర్కమును నేరముగ పరిగణించు శాసనము 1975లో రద్దుచేయబడి, 1976 జనవరి మొదటి తేదీనుండి గాని తొలగిపోలేదు. కావున 1972లో ఆ గాజు వెనుక కూర్చుండి, గ్లాసు చేతబట్టుకొని, దారినపోవు ట్రాముబండిని చూచుచున్న ప్రతిపురుషుడును శాసనదృష్టిలో అపరాధియే. అతడు వాదించుటలేదు, జెండా పట్టుకొనుటలేదు. స్నేహితునితో నాటి వాతావరణమును గూర్చి మాటలాడుచున్నాడు. కాని ఆ గాజుప్రక్కను కూర్చుండుటకు కావలసిన ధైర్యము వేదికనెక్కుటకు కావలసిన ధైర్యమున కేమాత్రమును తీసిపోదు. వేదికనెక్కినవానికి చప్పట్లు కొట్టువారైనను ఉందురు. నేటికిని మధ్యాహ్నపు వేళ ఆ కిటికీల ప్రక్కను తల నెరసిన పెద్దలు కూర్చుండియుందురు. ముసలితనము వచ్చినవారు తమ వయస్సువారి మధ్య నిశ్చింతగ కూర్చుండుటకు ఒక చోటుండుట ఏ సంఘమునకైనను భాగ్యమే. తమ తోడివారిలో అనేకులు ముసలితనమును చూడకయే పోయిన ఈ సంఘమునకు అది మఱింత భాగ్యము. ఆ విషయమును తరువాత చెప్పెదను.

హార్వీ మిల్క్ పేరు మీలో కొందఱు వినియుందురు. న్యూయార్కు ప్రాంతమునుండి వచ్చి, 1973లో తన సహచరుడైన స్కాట్ స్మిత్‌తో కూడ 575 కాస్ట్రో వీధిలో కాస్ట్రో కెమెరా యను ఫోటో సామగ్రి దుకాణము పెట్టెను. ఆ దుకాణమున వ్యాపారముకంటె రచ్చబండ మాటలే ఎక్కువ జరిగెడివి. అతని రాజకీయమున నాకు మిక్కిలి నచ్చిన ఘట్టము ఒకటి కలదు. టీమ్‌స్టర్స్ అను బండ్లు తోలువారి కార్మికసంఘము కూర్స్ బీరుపై బహిష్కారము సాగించుచు, పేటలోని మద్యశాలల సహాయమును కోరినప్పుడు, మిల్క్ మద్యశాలలన్నిటిని తిరిగి ఆ బీరును మాన్పించెను. ప్రతిగా, బీరుబండ్లు తోలు ఉద్యోగములలో గే పురుషులను గూడ చేర్చుకొనవలెనని కోరెను. మోటుమనుష్యులని పేరుపొందిన బండివాండ్రును, వారు అసహ్యించుకొందురని అందఱనుకొన్న ఈ గే పురుషులును ఒక గ్లాసు బీరు కారణముగ మిత్రులైరి. మూడుమార్లు ఎన్నికలలో ఓడి, 1977 నవంబరులో గెలిచి, 1978 జనవరిలో అతడు నగర పర్యవేక్షక మండలిలో కూర్చుండెను. ఉద్యోగమందును గృహవసతియందును స్వలింగానురాగులపై వివక్ష చూపరాదన్న శాసనమును, వీథులలో కుక్కలు చేసిన మలినమును వాని యజమానులే ఎత్తివేయవలెనన్న శాసనమును ఆ యొక్క సంవత్సరమునందే తెచ్చెను. గే ఉపాధ్యాయులను పాఠశాలలనుండి తొలగింపనుద్దేశించిన ఆరవ ప్రతిపాదనను ఆ నవంబరు 7వ తేదీన కాలిఫోర్నియా ప్రజలు ఓడించిరి. ఇరువది దినములకు, 27వ తేదీన, ఆ మండలి మాజీ సభ్యుడైన డాన్ వైట్ అను నతడు నగర సౌధమునందే మేయర్ జార్జి మాస్కోనిని, మిల్క్‌ను తుపాకితో కాల్చి చంపెను.

ఆ రాత్రి వేలకొలది జనులు క్రొవ్వొత్తులు పట్టుకొని కాస్ట్రోనుండి నగర సౌధమువఱకు మౌనముగ నడచిపోయిరి. అప్పుడే క్రొత్తగ ఏర్పడిన గే పురుషుల గానబృందము ఆ సౌధపు మెట్లపై నిలిచి మెండెల్సన్ రచించిన ప్రార్థనాగీతమును పాడెను. అది వారి మొదటి బహిరంగ గానము. ఆ బృందము నేటికిని పాడుచున్నది. క్రిస్మసు ముందునాటి రాత్రి, ఇంటికి పోవుటకు ఇల్లులేనివారికై, కాస్ట్రో థియేటరులో ఆ బృందము చిరకాలము గానసభ జరిపినది. ఇంటిపండుగనాడు ఇంటికి రావలదని తలిదండ్రులు చెప్పిన బిడ్డలకు ఆ రాత్రి ఎక్కడ కూర్చుండవలెనో తెలిసియుండుట సామాన్యమైన ఉపకారమా?

ఆ థియేటరు 1922లో కట్టినది. తిమోతి ఫ్లూగర్ అను యువవాస్తుశిల్పి దానిని మెక్సికో దేశపు పెద్దచర్చి ముఖభాగమును తలపించునట్లు నిర్మించెను. సినిమా ప్రారంభమునకు ముందు ఆర్గన్ వాద్యము వాయించుటయు, చివరకు శాన్ ఫ్రాన్సిస్కో పాట రాగానే ప్రేక్షకులందఱు చప్పట్లతో తాళము వేయుటయు చిరకాలము అచ్చటి ఆచారముగ నుండెను. 1977లో ప్రారంభమైన ఫ్రేమ్‌లైన్ చలనచిత్రోత్సవము స్వలింగ ప్రేమికుల జీవితములను చూపు చిత్రోత్సవములలో ప్రపంచమున అన్నిటికంటె పాతది. అదియు అనేక సంవత్సరములు ఈ తెరపైననే సాగినది. చీకటిలో ఒకరి ప్రక్కన ఒకరు కూర్చుండి తమవంటివారి కథను చూచి, దీపములు వెలిగిన పిమ్మట ప్రక్కనున్న ఫలహారశాలకు పోయి దానిని గూర్చి వాదించుకొనుట ఆ పేట సంస్కృతిలో ఒక ముఖ్యభాగము.

తిండి విషయమున కాస్ట్రో గొప్ప రుచులకు పేరుపొందిన పేట కాదు. నిజము చెప్పవలెనన్నచో, అచ్చటి వంటకములు సాదావి: గుడ్లట్టు, వేచిన బంగాళాదుంపలు, దోసెవలె గుండ్రముగ కాల్చి తేనెవంటి పానకము పోసిన పాన్‌కేకులు, గిన్నెడు కాఫీ. ఆర్ఫన్ ఆండీస్ అను చిన్న ఫలహారశాల 1977 నుండి ఆ మూలనే యున్నది. రాత్రింబవళ్లు తెరచియుండుటకు చిరకాలము పేరుపొందినది. అనాథయని అర్థమిచ్చు పేరు ఒక ఫలహారశాలకు పెట్టుటలోని ఆర్ద్రత నన్ను ఆకర్షించినది. 18వ వీధి సమీపమున 1936 నుండి క్లిఫ్స్ వెరైటీ అను దుకాణము కలదు. మేకులు, బందులు, గొళ్లెములు ఒకవైపునను, నాటకవేషములకు కావలసిన ఈకలహారములు, తళుకుబట్టలు ఇంకొకవైపునను అమ్మెదరు. కాపురమునకు గొళ్లెము ఎంత అవసరమో పండుగకు తళుకు అంత అవసరమని ఎఱిగిన వర్తకులు వారు. ఆదివారము ప్రొద్దెక్కినపిమ్మట స్నేహితులు పదేసిమంది గుంపుగ చేరి, ఫలహారమును మధ్యాహ్నభోజనమును కలిపి తినుచు మూడుగంటలవఱకు లేవరు. వారిలో అనేకులకు రక్తబంధువులతో రాకపోకలు లేవు. కనుక అన్నయు, మేనమామయు, పెద్దమ్మయు అందఱును ఆ బల్లచుట్టు ఉన్నవారే కావలసివచ్చినది. వీరి స్నేహముల గాఢత మొదటచూపున మనకు వింతగ తోచును. దాని కారణము ఇది.

1981లో ఆ బల్లలచుట్టు ఖాళీలు ఏర్పడుట మొదలయ్యెను. బాబీ క్యాంప్‌బెల్ అను నర్సు తన పాదములపై లేచిన ఊదారంగు మచ్చలు కాపోసీ సార్కోమా యను అరుదైన క్యాన్సరని తెలియగానే, వానిని ఫోటో తీయించి, కాస్ట్రో వీధిలోని స్టార్ ఫార్మసీ కిటికీ అద్దమునకు అంటించెను: ఇట్టివి మీ శరీరములపై కనబడినచో వైద్యుని చూడుడని దారినపోవువారికి హెచ్చరిక. తొమ్మిదేండ్లక్రితము అదే పేటలో ఇద్దరు స్త్రీలు బిగించిన గాజు, మేము దాగుకొనమని చెప్పినది. ఈ గాజు, మాకు రోగము వచ్చినదని, మీరు జాగ్రత్తపడుడని చెప్పినది. మొదటిదానికంటె రెండవదానికే ఎక్కువ గుండెదిటవు కావలెనని నేననుకొందును. క్యాంప్‌బెల్ 1984లో మరణించెను. ఎయిడ్స్ అని పిలువబడిన ఆ వ్యాధి ఆ నగరమున దాదాపు 20,000 మందిని కబళించినది.

ఆ రోజులలో మందు లేదు. రోగి క్రమముగ కృశించి, లేచి పొయ్యి వెలిగించుకొనలేని స్థితికి వచ్చును. కన్నవారు దూరమున నున్నారు, ఉన్నను రారు. ఇరుగుపొరుగువారు తలుపు కొట్టుటకు భయపడిరి. ఆసుపత్రులలో కొందఱు అన్నపు పళ్లెమును గదిలోనికి తేక గుమ్మముకడ నేలపై పెట్టి పోయిన సంగతులు ఆ కాలపు రోగులు చెప్పియున్నారు. ఈ మాట వినునప్పుడు మనము పరదేశపు సంగతియని ఊరకుండరాదు. ఈ రోగము దేశమున అధికముగ వ్యాపించిన రాష్ట్రములలో మన ఆంధ్రప్రదేశము ఒకటియై యుండిన దినములలో, మన పల్లెలలో కోడలికి వేఱు కంచము, వేఱు చెంబు పెట్టి వసారాలోనికి త్రోసిన ఇండ్లున్నవి. ఎంగిలివలన ఈ రోగము రాదని వైద్యులెంత చెప్పినను, పంక్తిభయము శాస్త్రమును వినదు.

అట్టి కాలమున, 1985లో, రూత్ బ్రింకర్ అను వృద్ధురాలు, ఉద్యోగవిరమణ చేసి మనుమలనెత్తిన స్త్రీ, తన మిత్రుడొకడు వంట చేసికొనలేనంత దుర్బలుడై ఆ రోగముతో క్షీణించి మరణించుట కన్నులార చూచినది. అతని స్నేహితులు వంతులవారీగా అన్నము తెచ్చిపెట్టుటకు ఏర్పాటు చేసికొనిరి గాని, ఆ వంతులు తప్పిన దినములుండెడివి. ఆమె తానుగా వంట మొదలుపెట్టి, ఏడుగురు రోగులకు దినదినమును భోజనము పట్టుకొనిపోయి ఇచ్చినది. ఆమె ఈ పేటవారి వర్గమునకు చెందినది కాదు. వేదికలెక్కి మాటలాడినదియు కాదు. వృద్ధులకు ఇండ్లకు భోజనము పంపు సేవలో పూర్వము పనిచేసిన అనుభవము మాత్రము కలదు. ఆ ఏడుగురు క్రమక్రమముగ వందలైరి, వేలైరి. ఆమె చేసిన పని ప్రాజెక్ట్ ఓపెన్ హ్యాండ్ అను సంస్థగ పెరిగినది. రోగి నోరు పుండై మ్రింగలేనప్పుడు మెత్తనిది, వికారముగ నున్నప్పుడు వాసనలేనిది, బరువు తగ్గుచున్నప్పుడు పుష్టికరమైనది, ఇట్లు ఒక్కొక్కరికి తగినట్లు వండిరి. దానిని తలుపుకడ పెట్టి పోక, లోనికి పోయి, మంచముప్రక్కను నిలిచి పేరుపెట్టి పలుకరించి ఇచ్చిరి. నేడు ఆ సంస్థ ఇతర దీర్ఘరోగులకును, వృద్ధులకును గూడ ఆహారము నిచ్చుచున్నది. బ్రింకర్ 2011లో మరణించినది. గోదావరినుండి బిందె మోసిన రాజ్యలక్ష్మమ్మగారిని నేను మొదట తలచినది ఈమెకొఱకే.

ఇంకొక సంగతి గూడ చెప్పవలెను. ఐరిష్ వారు ఇరువదవ శతాబ్ది తొలినాళ్లలో నెలకొల్పుకొన్న మోస్ట్ హోలీ రిడీమర్ చర్చి ఆ పేటలోనే యున్నది. స్వలింగప్రేమను పాపమని బోధించు కాథొలిక్ మతమునకు చెందినదే. ఐనను ఆ చర్చిలో మిగిలియున్న ఐరిష్ ముదుసలి స్త్రీలును, క్రొత్తగ వచ్చిన గే యువకులును వ్యాధికాలమున ఒకరికొకరు ఆసరాయైరి. సన్న్యాసినులు విడిచిపోయిన మఠభవనమును 1987లో కమింగ్ హోమ్ అను పేరిట మరణాసన్నుల సేవాగృహముగ మార్చిరి. సిద్ధాంతము ఏమి చెప్పినను, అన్నపుగిన్నె పట్టుకొని మేడమెట్లెక్కిన ముదుసలి ఐరిష్ తల్లికి ఆ మంచముపైనున్నవాడు బిడ్డవలెనే కనబడియుండును.

1985 నవంబరు 27న మిల్క్ స్మారకయాత్రలో, క్లీవ్ జోన్స్ అను కార్యకర్త ప్రేరణపై, జనులు మృతులైన తమ మిత్రుల పేర్లు అట్టలపై వ్రాసి ప్రభుత్వభవనపు గోడకు అంటించిరి. ఆ గోడ అతనికి బొంతవలె కనబడినదట. పాతచీరల ముక్కలు కలిపి కుట్టి బిడ్డకు కప్పు మన అమ్మమ్మల బొంతను ఎఱిగినవారికి అతని యూహ వెంటనే బోధపడును. మూడడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవు, అనగా ఒక సమాధియంత గుడ్డపై మృతుని చొక్కా గాని, అతడు ఆడుకొన్న బొమ్మ గాని, అతని పేరు గాని కుట్టిరి. మార్కెట్ వీధిలోని ఒక ఖాళీ దుకాణములో కుట్టుయంత్రములు పెట్టి రేయింబవళ్లు పనిచేసిరి. 1987 అక్టోబరు 11న వాషింగ్టన్ నగరమున పఱచినప్పుడు 1,920 ముక్కలున్నవి. 1996 ప్రాంతమున క్రొత్త మందుల కలయిక వచ్చి మరణములు తగ్గినవి. వారమువారమును మరణవార్తలతో పుటలు నిండిన ఆ సంఘపు పత్రిక బే ఏరియా రిపోర్టర్, 1998 ఆగస్టు 13వ తేదీ సంచికలో, ఈ వారము మరణవార్తలు లేవని పెద్దయక్షరములతో ప్రకటించినది.

ఈ పేటలో లోపములు లేవని నేననను. మద్యశాలలు కొన్ని నల్లవారిని గుమ్మములకడ అడ్డగించినవన్న ఫిర్యాదులు పలుమార్లు వచ్చినవి. పంక్తినుండి లేవగొట్టబడినవారే ఇంకొకరిని లేవగొట్టుట నాకు మిక్కిలి బాధ కలిగించును. స్త్రీలకు అచ్చట చోటు ఎన్నడును తక్కువే. వారి కాఫీశాలలు, పుస్తకశాలలు వలెన్సియా వీధివైపున వెలసినవి. 1955లో డాటర్స్ ఆఫ్ బిలైటిస్ అను లెస్బియన్ సంఘమును, ఇండ్లలో రహస్యముగ కలిసికొని ముచ్చటించుకొనుటకై, నాలుగు జంటలు కలిసి స్థాపించినవి. వారిలో డెల్ మార్టిన్, ఫిలిస్ లయన్ ఈ పేటకు ఆనుకొనియున్న నోయ్ వ్యాలీ గుట్టపై చిన్నయింట అర్ధశతాబ్దము కాపురము చేసి, 2008 జూన్ 16న చట్టబద్ధముగ వివాహమాడిరి. ఆ ఆగస్టులోనే మార్టిన్ మరణించినది. ఇక అద్దెలు చూడబోయిన, ఒకనాడు హోటలు వడ్డనవాడు గది తీసికొనగలిగిన ఈ పేటలో నేడు కంప్యూటరు కంపెనీల ఉన్నతోద్యోగులు గాని నిలువలేరు. ఇంటినుండి వెడలగొట్టబడి బస్సు దిగిన పదునెనిమిదేండ్ల పిల్లవానికి అచ్చట తల దాచుకొను గది దొరకదు. ఈ పేట ఎవరికొఱకు పుట్టినదో వారికే అందకపోవుట నాకు తీరని దిగులు.

ఆ కంప్యూటరు కంపెనీలలో మనవారును వేలకొలది యున్నారు. సన్నీవేల్, ఫ్రీమాంట్ పట్టణములలో తెలుగు వినబడని వీధి లేదు. వారి పిల్లలలోను, వారిలోను గే వారు ఉండకుందురా? 1986లోనే ఈ ప్రాంతమున దక్షిణాసియా స్వలింగప్రేమికులు త్రికోణ్ అను సంఘమును పెట్టుకొని పత్రిక నడపిరి. తెలుగువాడును, తమిళుడును, పంజాబీయు, పాకిస్తానీయు ఒకరియింట పప్పు, ఇంకొకరియింట కూర వండి తెచ్చుకొని, తమ భాషలలో తమ దుఃఖము చెప్పుకొనుటకు అది తోడ్పడినది. మనదేశమున 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు స్వలింగప్రేమను నేరముగ చూచు శాసనభాగమును కొట్టివేసినది. హైదరాబాదున 2013 నుండి ఊరేగింపులు జరుగుచున్నవి. వివాహహక్కును మాత్రము 2023 అక్టోబరు 17న న్యాయస్థానము గుర్తింపలేదు. శాసనము శాసనమార్గమున పోవును. మన ఇండ్లలో భోజనపు బల్లకడ జరుగవలసినది వేఱే యున్నది.

మీ పిల్లలయొద్దకు ఆరుమాసములుండుటకు పోవు తలిదండ్రులతో ఒక మాట. మీ బిడ్డలు మిమ్ములను గోల్డెన్ గేట్ వంతెనకును, లివర్‌మోర్ గుడికిని తప్పక తీసికొనిపోవుదురు. ఒక ఆదివారము ప్రొద్దున కాస్ట్రోకు గూడ తీసికొనిపొమ్మని మీరే అడుగుడు. మార్కెట్ వీధిలో పాతకాలపు ట్రాముబండి నెక్కినచో చివరి నిలుపు అదే. దిగినపిమ్మట కిటికీప్రక్కను బల్ల అడుగుడు. శాకాహారులకు పాన్‌కేకులును బంగాళాదుంపలును దొరకును. గుడ్డు వలదని ముందుగ చెప్పినచో వడ్డించువారు విసుగుకొనరు, పాన్‌కేకులోని గుడ్డు సంగతి మాత్రము అడిగి తెలిసికొనవలెను. ప్రక్కబల్లకడ నలువదేండ్లుగా కలిసి కాపురము చేయుచున్న ఇద్దరు పెద్దలు కూర్చుండి ఒకరి పళ్లెములోనిది ఒకరు తీసికొనుచుందురు. వారు మిమ్ములను పలుకరించినచో పలుకరింపుడు. ఏ ఊరని అడుగుదురు, చెప్పుడు. మీ బిడ్డ మీకు చెప్పదలచి చెప్పలేకయున్న మాట ఏదైన నున్నచో, ఆ బల్లకడ చెప్పుట వానికి సులభమగును. చెప్పినపిమ్మట, వాని సహచరుని మీయింటికి భోజనమునకు పిలువుడు. వచ్చినప్పుడు మీ ప్రక్కనే కూర్చుండబెట్టుకొని, నేయి మీరే వడ్డింపుడు.